ఎర్ర కారు మీద చెయ్యి

రైలుపెట్టెలకు రంగులేసి రిటైరైన డానియేలు, పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆరేళ్లుగా ఉప్పుగూడలో తన వాకిట్లోనే బాగుచేసుకుంటున్నాడు. దాన్నెవరినీ ముట్టనివ్వడు, తానైనా ఉంగరం తీసి, చేతులు కడుక్కుని, ఉతికి మెత్తబడ్డ లుంగీ ముక్కతోనే తుడుస్తాడు. చివరి పూత ఎర్రరంగు వేసిన రోజు, గల్లీలో పోయే దుర్గయ్య బర్రెలు దుమ్ము లేపుతాయని దిగులుపడ్డాడు. మూడు రోజులైనా బర్రెలు రాలేదు. నాలుగోనాడు పేడ తట్ట దించి దుర్గయ్యే కారు చూడవచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"బర్రెలు ఇటు వస్తలేవేందన్నా?"

"స్టేషన్ దిక్కుకెల్లి తిప్పి తోల్కపోతున్న భాయ్. నీ రంగు ఆరాలె గద."

డానియేలు దగ్గరికెళ్లి దుర్గయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"చేతికి పేడున్నది భాయ్."

"ఉండనీ అన్నా," అంటూ ఆ చేతిని తెచ్చి మెరిసే బానెట్ మీద పెట్టాడు.