సావిత్రమ్మ చేతులు

పోచంపల్లిల సావిత్రమ్మ చేతులు ఊకె ఉండంగ ఎవ్వలు చూడలే. చీర మీద బొమ్మ పడాల్నంటే, పోగులను రంగుల ముంచకముందే, రంగు అంటొద్దన్న కాడల్లా రబ్బరు చుట్టి ముడెయ్యాలె. ఏండ్ల సంది ఆమె పని గదే. మాపటికి పని ఆపినంక గూడ, కోడలు అఖిల టీవీల ఆడే వీడియో గేములు చూసుకుంట ఒట్టి కొంగుకే ముళ్లేస్తుంటది. అమెరికావోళ్ల ఆటల తాను ఆడే మనిషికి మొగం అఖిలనే చేసుకుంటది, పేరు తానే పెట్టుకుంటది. దొంగను నరకాల్నా, ఇడిచిపెట్టాల్నా అన్నది ఆమె ఇష్టం. “పోనియ్యే, పిల్లలు గలోడు” అని సావిత్రమ్మ గూడ తీర్పు చెప్తది. జపానోళ్ల ఆటల గట్ల కాదు. పేరు, మొగం, కథ అన్నీ వాళ్లయే. కొట్లాట ఒక్కటే అఖిలది.

మొన్న గసొంటి ఒక జపాన్ ఆటల, పడవ నడిపే పిల్ల అందర్ని ఒడ్డుకు చేర్చి తాను మునిగిపోయింది. సావిత్రమ్మకు పానం ఆగలే.

“మళ్ల మొదట్నుంచి ఆడవే అఖిలా. గా పిల్లను పడవ ఎక్కనియ్యకు.”

“ఎన్నిసార్లు ఆడినా గంతే అత్తమ్మా. నేను నిరుడు గూడ ఆడిన, నాకు తెల్సు” అనుకుంట అఖిల కండ్లు తుడుచుకుంది.

“తెల్సి గూడ ఏడుస్తున్నవా?”

సావిత్రమ్మ టీవీ దిక్కే చూసుకుంట, “ఎవ్వడు కట్టిండే గీ ముడి!” అన్నది మెల్లగ. ఒళ్లె ఆమె చేతులు కదలకుండ ఉన్నయి.