చిన్నమ్మలు కుడి కన్ను

గవరపాలెంలో జాకెట్టు చంక పట్టేసిందంటే ఎవరైనా చిన్నమ్మలు దగ్గరికే వెళ్ళాలి. "ఒళ్ళు పెంచింది నువ్వు, తప్పు నా కత్తెరదేటి?" అని నాలుగు తిట్టి, ఆ పూటకే విప్పి కుట్టిచ్చేది. పక్కింటిదాన్ని, ఆ తిట్లు నేనూ తిన్నాను.

ఆమె మొగుడు త్రినాధరావు సొంత మేనబావే. బెల్లం వ్యాపారం కలిసొచ్చి, 2008లో విశాఖపట్నం వెళ్ళి ఓ పాత కారు కొన్నాడు. "ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి, గుద్దినా దెబ్బ తగల్దు" అని వీధంతా కోతలు కోశాడు. ఉప్మాక వెంకన్న గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాడు. అక్కడే ఇత్తడి వెంకటేశ్వరస్వామిని కొని, పెళ్ళాం కూర్చునే సీటుకి ఎదురుగా, డాష్‌బోర్డు మీద నున్నటి చోటు చూసి గట్టి జిగురుతో అతికించాడు. ఆ నున్నటి చోటే ఎయిర్‌బ్యాగు మూత. అతనికేం తెలుసు, మాకేం తెలుసు? అందరం దణ్ణం పెట్టుకుని కొబ్బరిముక్కలు తిన్నాం.

కార్తీకమాసంలో ఇద్దరూ మాడుగులలో పెళ్ళికి బయల్దేరారు. చిన్నమ్మలు బెల్టు పెట్టుకోలేదు, పట్టుచీర నలిగిపోతుందని. దారిలో స్వామి మీది పువ్వు ఒరిగిపోతే సర్దుదామని ముందుకు వంగింది. అంతలో ముందున్న చెరకు ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. కారు వెళ్ళి దాన్ని గుద్దింది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయి. త్రినాధరావుకి చొక్కా గుండీ కూడా ఊడలేదు. మూతతోపాటు ఎగిరిన ఇత్తడి విగ్రహం చిన్నమ్మలు ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది.

"ఆ మూత మీద ఏదీ పెట్టకూడదు. బెల్టు పెట్టుకుని, వెనక్కి ఆనుకుని కూర్చుంటేనే అది కాపాడుతుంది. పిల్లల్నైతే ముందు సీట్లో అసలు కూర్చోబెట్టకండి" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. చేతులు కాలాక ఆకులు! బండి అమ్మినవాడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది? తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"నేనే అతికించేను, నా సేత్తో నేనే" అని త్రినాధరావు గోడకేసి తల కొట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక చిన్నమ్మలు మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కలేదు. ఒంటికంటికి ఏది ఎంత దూరంలో ఉందో అందదట. నేను ఏడుస్తుంటే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

తర్వాత వీధిలో ఎవరు కారు కొన్నా తనే వెళ్ళి డాష్‌బోర్డు తడిమి చూసేది. "సామిని ఇక్కడొద్దు, ఇంట్లో ఉంచుకో. పిల్లల్ని ఎనక కూకోబెట్టు" అని చెప్పేది.

త్రినాధరావు కారు అమ్మేశాడు. అన్నం తిన్నా, కంటికి మందు వేసినా, ఆమె ఎడమ పక్కనే ఉండేవాడు. చూపు లేని వైపు కాపలా కాస్తున్నాడని మేమంతా మెచ్చుకున్నాం. ఓ మధ్యాహ్నం కూర ఇద్దామని వెళ్ళాను. అతను ఆ పక్కనే కూర్చుని, కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తున్నాడు. చిన్నమ్మలు తల తిప్పకుండానే అంది.

"ఇటేపు రా బావా. అటు కూకుంటే నాకు అగుపడవు. కన్నెలాగూ పోయింది, నిన్ను కూడా పోగొట్టుకోమంటావేటి?"

అతను లేచాడు. తుండుగుడ్డతో ముఖం కప్పుకుని వచ్చి, ఆమె కుడి పక్కన కూర్చున్నాడు.