అసర్ దాకా ఆపమన్నాను

విమానాల గురించి నాకు తెలిసినంత బోధన్‌లో ఇంకెవరికీ తెలియదని నాకు ఒకప్పుడు మహా పొగరు. ఆ పొగరుతోనే ఒక కొడుక్కి తల్లి చివరిచూపు దక్కకుండా చేశాను. ఈ సంగతిని ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నేను హైదరాబాద్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని. రాడార్ తెర ముందు కూర్చుని ఏ విమానం ఎంత ఎత్తులో పోవాలో, ఏది ముందు దిగాలో, ఏది ఆగాలో చెప్పడం నా పని. మా గల్లీలో ఈ ఉద్యోగం ఎవరికీ అంతుపట్టలేదు. మా పక్కింటి అమ్మీ మాత్రం తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. చౌరస్తాలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టినట్టు నేను ఆకాశంలో పెడతానని, బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది. నేను సెలవుకి ఇంటికి పోతే, ఈసారి ఎందరికి చలానా రాశావని అడిగి తనే పడీపడీ నవ్వేది.

అమ్మీ నా తల్లి కాదు. ఆమె కొడుకు అలా పిలుస్తాడు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. భర్త చిన్నవయసులోనే పోతే ఆమె కుట్టుమిషన్ మీద ఆ ఒక్క కొడుకునూ పెంచుకొచ్చింది. చెరకు కోతల రోజుల్లో మా అమ్మ పొద్దున్నే పనికి పోయి చీకటిపడ్డాక వచ్చేది. బడి నుంచి వచ్చాక నాకు అన్నం పెట్టింది ఆ ఇల్లే. బదులుగా తన కొడుక్కి, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడై నన్ను అక్కా అని పిలిచే ఆ తమ్ముడికి, లెక్కలు చెప్పమంది. చెప్పాను. వాడు పదో తరగతిలో సరిగ్గా లెక్కల్లోనే తప్పాడు. అయినా అమ్మీ నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత వాడు ఏసీలు బాగుచేసే పని నేర్చుకుని దుబాయ్ పోయాడు.

కరోనా వచ్చిన మరుసటి చలికాలం అది. జనం విమానం ఎక్కాలంటే జంకుతున్నారు. ఉద్యోగంలో చేరాక అంత ఖాళీ తెరను నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు మీకు పనేముంది, హాయి కదా అని తెలిసినవాళ్ళు ఎకసెక్కాలాడేవారు. కాని మా గదిలో సంగతి వేరు. ఒకరికి అంటుకుంటే అందరూ ఒకేసారి మంచాన పడతారని సిబ్బందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును ఇళ్ళలోనే ఉంచారు. మామూలుగా మేం ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని భాగానికొకరం కూర్చుంటాం. మనుషులు తగ్గేసరికి రెండేసి భాగాలు కలిపి ఒక్కరికే అప్పగించారు. ఒక మనిషి ఒకేసారి చూడగల విమానాలకు ఒక హద్దు ఉంటుంది కాబట్టి గంటకు ఇన్నే అని కోత పెట్టారు. తమాషా ఏమిటంటే, ఎగురుతున్న ఆ కాసినీ కూడా పొద్దుటిపూట ఒకే వేళకు వచ్చిపడేవి. ఆ తర్వాత రోజంతా ఈగలు తోలుకోవడమే.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మీ గుండె ఆగి చనిపోయింది. తమ్ముడికి మర్నాటి పొద్దుటి విమానానికి టికెట్ దొరికింది. పదిన్నరకు హైదరాబాద్‌లో దిగాలి; అక్కడి తనిఖీలు ముగించుకుని కారులో బోధన్ చేరడానికి ఇంకో అయిదు గంటలు. తెల్లవారుజామున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే అమ్మీ సొంత తమ్ముడు ఫోన్ చేశాడు. ఆయన్ని మేమంతా మాము అనే పిలుస్తాం. వాళ్ళలో మనిషి పోతే మట్టి ఇవ్వడం ఆలస్యం చేయరు. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే తీసుకుపోదామని పెద్దలు అంటున్నారట. కొడుకు కచ్చితంగా అందుకుంటాడంటే సాయంత్రం అయిదింటికి అసర్ నమాజు దాకా ఆపుతారట. అంతకు మించి మాత్రం కుదరదట.

“విమానాలంటే నీ పనే గద బేటా,” అన్నాడు మాము. “నువ్వే చెప్పు. నువ్వు ఆపుమంటే ఆపుతం.”

నేను తడుముకోలేదు. ఆకాశమంతా ఖాళీగా ఉంది, ఈ రోజుల్లో ఆలస్యాలేం ఉండవు, మూడున్నరకల్లా వాడు ఇంట్లో ఉంటాడు, అసర్ దాకా ఆపండి అని చెప్పేశాను. మా కోతల సంగతి నాకు తెలియక కాదు. అంత పెద్దాయన నన్ను అడిగి నిర్ణయం తీసుకుంటున్నాడన్న సంబరంలో అవేవీ గుర్తు రాలేదు. చావింట్లో కూడా నాకు సంబరమే కావాల్సి వచ్చింది.

డ్యూటీ గదిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు, బయట లాకర్లో పెట్టాలి. పెట్టి లోపలికి పోతే, ఆ రోజు రావాల్సినవాళ్ళలో ఇంకా ఇద్దరు జ్వరమని రాలేదు. కోత మీద మరో కోత పడింది. నన్ను స్లాట్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. దిగే చోట వీలు లేనప్పుడు విమానాన్ని గాల్లో తిప్పుతూ ఉంచడం కంటే బయలుదేరే చోటే ఆపడం మేలు. ఏది ఎన్నింటికి లేవాలో మేం చెప్పే సమయమే స్లాట్.

పదిన్నరకు ఒక్కదానికే చోటు మిగిలింది. దానికి రెండు విమానాలున్నాయి. ఒకటి తమ్ముడు ఎక్కినది, ఇంకోటి వేరే ఊరి నుంచి వచ్చేది. రెండింట్లో ఒకటి గంటసేపు ఆగాలి. ఏది ఆపినా నన్ను తప్పు పట్టేవాళ్ళు లేరు. నా వేలు తమ్ముడి విమానం మీదికే పోయింది. మనవాడున్న విమానాన్ని ముందుకు తోస్తే పక్షపాతం అవుతుందేమోనన్న బెరుకు ఒకటి. దానికి తోడు నా లెక్క ఒకటి. గంట పోయినా నాలుగున్నరకు ఇల్లు చేరతాడు, అసర్‌కు ఇంకా అరగంట ఉంటుంది అనుకున్నాను. గంట ఆలస్యం వాడికి రాసి, రెండోదానికి పదిన్నర ఇచ్చాను.

ఆ తర్వాత జరిగింది నా లెక్కలో లేదు. దుబాయ్‌లో ఎవరి కరోనా పరీక్ష కాగితమో చెల్లదని తేలిందట. ఆ మనిషిని దించి, అతని సామాను వెతికి తీసేసరికి నేనిచ్చిన స్లాట్ దాటిపోయింది. స్లాట్ పోగొట్టుకున్న విమానం మళ్ళీ వరస చివర నిలబడాల్సిందే. ఈసారి దానికి ఇంకో గంటా నలభై నిమిషాలు పడింది. రోగులున్న విమానాన్ని ముందుకు పంపమని అడగడానికి మాకు దారి ఉంది. తల్లి ముఖం చూడాలి అని అడగడానికి లేదు. నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

మధ్యాహ్నం రాడార్ ముందు నా వంతు వచ్చింది. ఆ విమానం నా భాగంలోకే వచ్చింది. పైలట్ నమస్కారం చెప్పాడు, నేను రోజూ మాట్లాడే గొంతుతోనే జవాబిచ్చాను. అప్పటికి రద్దీ తీరిపోయి తెర మీద అదొక్కటే ఉంది. మామూలు దారిలో చుట్టూ తిరగకుండా నేరుగా రమ్మన్నాను. నాలుగు నిమిషాలు కలిసొచ్చాయి. అంత చదువు చదివి, అన్ని పరీక్షలు రాసి, వాడికి నేనివ్వగలిగింది ఆ నాలుగు నిమిషాలే.

డ్యూటీ దిగి లాకర్ తెరిస్తే మాము నుంచి ఎన్నో మిస్డ్ కాల్స్. ఫోన్ చేసి, వాడు వచ్చేసరికి ఆరు దాటుతుంది, ఇంకో గంట ఆపలేరా అని బతిమాలాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“మయ్యత్‌ను ఇంట్ల గింతసేపు ఉంచుడే ఎక్కువ బేటా,” అన్నాడు. “నువ్వు చెప్పినవనే ఆపినం. ఇంక నా చేతుల లేదు.”

తమ్ముడు కారులో ఉండగా, వీడియో కాల్‌లో చూపిస్తామని ఇంటివాళ్ళు అన్నారట. వద్దన్నాడట. మూడేళ్ళుగా అమ్మీని ఫోన్లోనే చూస్తున్నా, ఈ ఒక్కసారి ఫోన్లో వద్దు అన్నాడట. నిజామాబాద్ దాటాక చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని కారు మెల్లగా పోయింది. బోధన్‌లోకి వచ్చేసరికి ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తున్న జనం వాడికి ఎదురయ్యారు. వాళ్ళలో ముందు నడుస్తున్నది మాము. వాడు కారు దిగి ఆయన చేతులకున్న మట్టిని చూసి అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడట.

నాకు సెలవు దొరికి, నలభయ్యో రోజుకు గాని పోలేకపోయాను. వాడు ఇంకా తిరిగి పోలేదు. గడ్డం పెరిగి, అమ్మీ కుట్టుమిషన్ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. నాకు వాడి ముఖంలోకి చూడాలంటే సిగ్గేసింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. నాకు కృతజ్ఞతలు చెప్పాడు.

“నువ్వు చెప్పబట్టే గదక్కా అసర్ దాక ఆపిండ్రు. లేకుంటే జొహర్‌కే తీస్కపోయెటోళ్లు. నాకోసం అమ్మీ గంతసేపు ఆగిందని మనసుకు చెప్పుకుంటున్న.”

దాంతో నాకు నోరు మూసుకుని ఉండడం చేతకాలేదు. ఆ పొద్దున నా ముందు రెండు విమానాలున్నాయని, వాడిది ముందు పంపే వీలుండి కూడా నేనే ఆపానని, ఎందుకు ఆపానో కూడా దాచకుండా చెప్పాను. చెబుతూ నేనే ఏడ్చాను. వాడు చాపలో ఊడిన పోగును వేలికి చుట్టుకున్నాడు.

“గా ఇంకో విమానంల ఎవరున్నరక్కా?” అన్నాడు.

తెలియదన్నాను. ఇన్నేళ్ళలో ఏ విమానం గురించీ నేను ఆ ప్రశ్న అడగలేదు. నాకు కావాల్సింది దాని పేరు, ఎత్తు, వేగం.

“వాళ్లకు గూడ ఏమన్న ఆపతి ఉండెనేమో,” అన్నాడు.

నన్ను వదిలేయడానికే అన్నాడని నాకు తెలుసు. తిట్టినా నేను తట్టుకునేదాన్ని. లోపల ఎవరో చాయ్ పెడుతున్నారు. కప్పులు వచ్చాయి. వాడు తన కప్పును ముట్టుకోకుండా మళ్ళీ మాట్లాడాడు.

“అమ్మీ మొఖం ఎట్లుండెనని మామును అడిగిన. నిద్రపోయినట్టే ఉండె అన్నడు. అందరి గురించి గట్లనే అంటరు గదా అక్కా.”

వాడు నా జవాబు కోసం చూస్తున్నాడు. ఆ ముఖం నేనూ చూడలేదు.