టైరుకు దాత దొరకలేదు

"టైర్లు తింటారా పేదోళ్ళు? డీజిలు తాగుతారా? నువ్వే చెప్పక్కా!"

చర్చి కిటికీలోంచి సంఘ పెద్ద జ్ఞానరాజు గొంతు వాకిట్లోకి వచ్చి పడింది. బయట వ్యాను కింద వెల్లకిలా పడుకుని సైలెన్సరుకు తీగ కడుతున్న డ్రైవరు క్రాంతి కుమార్ చేతులు ఆగిపోయాయి.

"తాగేది వాళ్ళు కాదప్పా, బండి," అంది కృపమణి. "అది తాగకపోతే కిడ్నీలు పోయిన హంపమ్మను కర్నూలు ఆసుపత్రికి నువ్వు ఎత్తుకొని పోతావా?"

లోపల ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

"ఎగతాళి వద్దు. రోగులకని జనం కానుకలిస్తే, ఆ దుడ్లు తీసి డ్రైవరుకు జీతమిచ్చినావు. దేవుని సొమ్ము అది."

"డ్రైవరుకు పొట్ట లేదా?"

"వాడు సేవ చేస్తాండాడని గదా ఊరంతా అనుకుంటాండేది! వాళ్ళమ్మ విశ్వాసమ్మ ప్రతి ఆదివారం లేచి సాక్ష్యం చెప్తాది, నా కొడుకు పైసా ముట్టడని. అయితే అదంతా అబద్ధమా?"

వాళ్ళు మాట్లాడుతున్నది క్రాంతి గురించే. జీతం తీసుకున్నమాట నిజం. కానీ అది సంఘమే ఇస్తోందని, నలుగురికీ తెలియడం ఇష్టం లేక చాటుగా ఇస్తున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

కృపమణి కథ ఆమె మొగుడు ఆనందంతో మొదలవుతుంది. పత్తికొండ అవతలి ఈ ఊళ్ళో ఆనందం పాడైన కిడ్నీలతో రెండేళ్ళు బతికాడు. వారానికి రెండుసార్లు కర్నూలు పెద్దాసుపత్రిలో డయాలసిస్. అది ఉచితమే. అక్కడికి చేరడమే గండం. ఒకరోజు బస్సు కిక్కిరిసి వచ్చి ఆపకుండా వెళ్ళిపోయింది. ఆనందం రోడ్డు పక్క రాయి మీద మధ్యాహ్నందాకా కూర్చుని, లేచి ఇంటికి వచ్చి, "ఇంక నేను పోనులేమే" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. ఆ ఎండాకాలం దాటలేదు.

కృపమణి ఇరవై ఏళ్ళు పత్తికొండ మార్కెట్లో టమాటాలు ఏరిన మనిషి. మొగుణ్ణి మట్టిలో పెట్టాక తను పనిచేసే మండీకి పోయి, యజమాని ప్రదీప్‌కుమార్ ముందర నిలబడి, "నాకు బండి కావాల సామీ" అంది. కూలి పెంచమంటుందేమో అని సిద్ధంగా ఉన్న ఆ షావుకారు బిత్తరపోయాడు. ఆఖరికి మూల పడివున్న పాత వ్యాను ఇచ్చి, దాని తలుపు మీద వాళ్ళ నాయన పెద్దసుబ్బయ్య జ్ఞాపకార్థం అని అందంగా రాయించాడు. మంచి మనిషే. కాకపోతే బండి ఇవ్వడంతో తన పని అయిపోయిందనుకున్నాడు.

అసలు పొరపాటు కోతపండగనాడు జరిగింది. ఆ పండక్కి జనం తమ పంటలో మొదటిది గుడికి, అంటే చర్చికి, తెస్తారు, వేలం వేస్తారు. పాడుకున్నవాడు సరుకు ఇంటికి పట్టుకుపోడు. తిరిగి గుడికే ఇస్తాడు, మళ్ళీ పాట మొదలవుతుంది. ఆ ఏడు ఒకే గుమ్మడికాయ చేతులు మారీ మారీ తొడిమ ఊడిపోయింది. పాట పాడించేది జ్ఞానరాజు. జనం ఊపు చూసి అతనికి పూనకం వచ్చింది. "ఇందులో ఒక్క పైసా గూడా ఖర్చులకు పోదు! ప్రతి పైసా రోగికే!" అని అరిచాడు. హల్లెలూయ అని పందిరి దద్దరిల్లింది. గుమ్మడికాయ పొట్టకు హత్తుకుని నిలబడిన కృపమణి కూడా తలూపింది. దేవుని ఎదుట ఊపిన తల. మరునాటికి ఆ మాట వ్యాను వెనక ఎర్రరంగులో ఎక్కింది.

రోగికి వ్యాను ఎక్కడమే వైద్యం. వ్యానుకేమో టైర్లు కావాలి, బ్యాటరీ కావాలి, ఇన్సూరెన్సు కావాలి, తోలేవాడు కావాలి. అవన్నీ "ఖర్చులు". ఉచితంగా తోలతామని వచ్చినవాళ్ళు వేరుశెనగ విత్తనం వేసే రోజులు రాగానే చేలకు పోయారు. అప్పుడే డిగ్రీ మధ్యలో వదిలేసి, ఊళ్ళో ఎవరితో పడితే వాళ్ళతో గొడవ పెట్టుకుంటూ తిరుగుతున్న క్రాంతి ఆమె కంట్లో పడ్డాడు.

ఇప్పుడు కిటికీలోంచి కృపమణి గొంతు వినబడింది.

"నా పొట్టేళ్ళు ఉన్నన్ని దినాలు అవి అమ్మి జీతం ఇచ్చినా. ఎకరన్నర కౌలుకు పెట్టి ఇచ్చినా. అన్నీ అయిపోయినాంకనే కానుకలో చెయ్యి పెట్టినా. పెట్టేముందర నీకు చెప్పలేదా జ్ఞానరాజూ? మీ అమ్మను బండెక్కిస్తా అడిగితి. 'ఎట్లోకట్ల నడిపించక్కా, నాకు మాత్రం చెప్పొద్దు' అంటివి గదప్పా!"



"నేనట్ల అనలేదు," అన్నాడు జ్ఞానరాజు.

క్రాంతి వ్యాను కిందనుంచి బయటికి పాకాడు. జ్ఞానరాజు తల్లిని ప్రతిసారీ రెండు చేతులతో ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టింది తనే. చివరిసారి ఆమె కాళ్ళకు చెప్పులు తొడిగింది కృపమణి. కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు.

"ఏమన్నా, నెత్తిన తిరుగుతాండే ఫ్యాన్లకు కరెంటు బిల్లు ఎవరు కడతాండారు? పాస్టరయ్యకు జీతం లేదా? అవి ఖర్చులు కావా?"

"జీతగాడు గుడి సంగతి మాట్లాడే పని లేదు," అన్నాడు జ్ఞానరాజు తల తిప్పకుండానే. నిన్నటిదాకా ఆ నోరే అతన్ని సేవకుడా అని పిలిచింది.

తీర్పు అయిపోయింది. కృపమణి ఆదివారం సంఘం ముందు క్షమాపణ అడగాలి. ఆ రోజే తాళంచెవి బల్ల మీద పెట్టాలి. ఉచితంగా తోలేవాడు దొరికేదాకా బండి గుడి వాకిట్లోనే ఉంటుంది. లోపలున్న వాళ్ళలో ఆ వ్యాను ఎక్కని ఇల్లు లేదు. ఒక్కరు కూడా "ఇది అన్యాయం" అనలేదు.

మరునాడు శుక్రవారం, తాళం ఇంకా కృపమణి దగ్గరే ఉంది. హంపమ్మను ఆసుపత్రిలో మిషను మీద పడుకోబెట్టి ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. క్రాంతి ఆమెవైపు తిరిగాడు.

"నువ్వు గూడా నన్ను మోసం చేసినావు పెద్దమ్మా. నీ పొట్టేళ్ళు నేను తిన్నానని నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే దిగిపోతావని."

"మా అమ్మ అట్ల గొప్పలు చెప్పుకుంటాంటే ఊరుకుంటివే?"

"ఊరుకుంటి. నిన్ను సేవకుడంటాంటే జనానికి కానుక వెయ్యబుద్ధి అయితాండె. నాకు అది పనికొచ్చె." కృపమణి కొంగుతో మెడ తుడుచుకుంది. "నిన్ను వాడుకున్నా నాయనా. కాదనను."

క్రాంతి కోపం తగ్గలేదు.

"ఇంగ ఎందుకు ఈ ఊడిగం? ఇచ్చేయి తాళం. వాళ్ళే తోలుకొని సావనీ."

"వాళ్ళు తోలరు. మంగళవారం హంపమ్మ ఆ రాయి మీద కూర్చుంటాది, మా ఆయప్ప మాదిరి." లోపలి తలుపు వైపు చూసింది. "టైరుకు దాత యాడ దొరుకుతాడు క్రాంతీ? తలుపు మీదైతే పేరు రాయొచ్చు, టైరు మీద రాస్తే బురద గదా. దాత దొరకలేదని దాచిపెట్టి ఖర్చు పెట్టినా. దాచడమే నా తప్పు. ఇచ్చింది తప్పు కాదు. ఆదివారం నేను క్షమాపణ అడగను."

"మరి?"

"నా మాట ఇంగ ఎవరూ నమ్మరు. నువ్వు ఒకటి చెయ్యాల."

"ఏందది?"

"సాక్ష్యాల టైములో లేచి నిలబడు. మీ అమ్మ యింటాంటాది, శానా బాధపడతాది. అయినా చెప్పు. నేను సేవకు రాలేదు, జీతానికి వచ్చినా, నాకు జీతమిచ్చినందుకే ఒక్క శుక్రవారం గూడా ఈ బండి ఆగలేదని చెప్పు. తలకాయ దించుకోకుండా చెప్పు నాయనా."