పెన్న జమ్ములో ఈల

నా చిన్నప్పుడు ఎన్నికలు దగ్గరపడితే మా ఇంట్లో ఎవరూ నింపాదిగా అన్నం తినేవారు కాదు. మా పెద్దనాయన ఊళ్లో ఒక పార్టీకి పెద్ద దిక్కు. పెన్నేటి అవతలి ఊరు ఎదుటి పార్టీది. వీధిలో జీపు చప్పుడైతే చాలు, అమ్మ తలుపు గడియ పెట్టేది.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం, జమ్మలమడుగు ఆసుపత్రిలో ఉన్న నాయనమ్మను చూడటానికి పెన్న ఇసుకలో నడిచిపోతున్నాం. పెద్దనాయన, ఆయన వెంట సంచి మోసే మనిషి, నేను, మిషన్ బడిలో టీచరుగా చేసే పక్కింటి అక్క. సంచిలో నాటుబాంబులున్నాయని నాకూ తెలుసు. పెద్దనాయన అడుగడుక్కీ వెనక్కి చూస్తున్నాడు.

నీటిపాయ పక్కన జమ్ము గడ్డి మనిషెత్తున దట్టంగా పెరిగి ఉంది. గాలి లేకుండానే అది కదిలింది. లోపల ఈల వినబడింది. ఇంకోవైపు నుంచి మరో ఈల పలికింది. మాటు వేసినవాళ్ల సైగ అనుకున్నారు మావాళ్లు. ఆ మనిషి చెయ్యి సంచిలోకి పోయింది.

అక్క గబగబా నడిచిపోయి జమ్ముకు అడ్డంగా నిలబడింది.

"ఆగు మామా. అవి నీటికుక్కలు. పిల్లల్ని పిలుస్తాండాయి."

"నువ్వు పొరబడితే అందరం ఈడనే పోతాం మ్మే" అన్నాడు ఆ మనిషి, సంచిలోంచి చెయ్యి తీయకుండానే.

"రవ్వంతసేపు చూడు. చూడకుండా ఎయ్యొద్దు."

ఆమె గొంతు వణికింది కానీ ఆమె పక్కకు జరగలేదు. కాసేపటికి తడిసిన ఒంటితో తల్లి నీటికుక్క బయటికొచ్చింది. వెనకే పిల్లలు. మమ్మల్ని చూసి అన్నీ నీళ్లలోకి జారిపోయాయి. నాకు నవ్వొచ్చింది. అంతలో జమ్ము మళ్లీ కదిలి, కొడవలి పట్టుకున్న ఒక ఆడమనిషి లేచి నిలబడింది. చంకలో పసిబిడ్డ. అవతలి ఊరామె, చాపలు అల్లుకోవడానికి జమ్ము కోసుకుంటోంది. నీటికుక్కలను బెదరగొట్టింది ఆమే. మావాళ్ల సంచి చూడగానే బిడ్డను రొమ్ముకు అదుముకుంది.

పెద్దనాయన ఆ సంచి మూతి తనే బిగించి ముడేశాడు. ఆమెతో, "ఇంటికి పో తల్లీ" అన్నాడు.

దారి పొడవునా అక్క నాతో ఆగకుండా మాట్లాడింది. నీటికుక్కకు దూరపు చుట్టం, రాకూన్ అనే జంతువు అమెరికాలో ఉందట. కళ్ల చుట్టూ ముసుగులా నల్లటి పట్టీ ఉన్న పాపానికి, చూసీ చూడగానే దాన్ని జనం దొంగ అనేస్తారట. తన వణుకు ఆపుకోవడానికే ఆ కబుర్లన్నీ చెప్పిందని పెద్దయ్యాక నాకు అర్థమైంది.

ఆ ఏడు కొట్లాటలు ఆగలేదు. పెద్దనాయన మారిపోయాడనీ చెప్పలేను. పిల్లలం వెంట ఉన్నప్పుడు మాత్రం ఆ సంచి మళ్లీ మాతో రాలేదు. నేను ధైర్యవంతురాలినేం కాదు, ఈ వయసులోనూ చిన్న గొడవకే గుండె దడదడలాడుతుంది. అయినా ఎవరైనా ఎదుటివాళ్లెవరో తెలియకుండానే చెయ్యెత్తితే, ఆ దడతోనే లేచి అడ్డం పోతాను.