డబ్బారాయుడు ఏమన్నాడంటే

మొన్న ఆదివారం నుంచి మా ఇంట్లో టీవీ రిమోట్ బియ్యం డబ్బాలో ఉంటోంది. పిల్లలకు అందకుండా కాదు, నాకు అందకుండా! నలభై అయిదు దాటినోణ్ణి, మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం నడిపేవాణ్ణి, నా చేతికి రిమోట్ ఇవ్వగూడదని ఇంటిల్లిపాదీ తీర్మానం చేసినారు. టీ తాగండి, చెప్తాను.

మన చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో ఒక హిందీ సీరియల్ వచ్చేది, గుర్తుందా? ఒక పిల్లోడు రాకెట్ ఎక్కి గ్రహాలన్నీ తిరుగుతుంటాడు. వాడికి తోడు ఒక రోబో. చదరం తల, గుండె మీద ఎర్ర దీపం, నడిస్తే రేకుల చప్పుడు. దాని అసలు పేరు ఏదో హిందీ పేరు, మాకు నోరు తిరిగేది కాదు. మా వీధిలో అందరం డబ్బారాయుడు అనేవాళ్లం.

వీధి మొత్తానికి టీవీ ఒక్కటే, మా పెదనాయన ఇంట్లో. వరండాలో చాపలేసుకుని అందరం అక్కడే. మరి హిందీ ఎవరికి అర్థమవుతుంది? పెదనాయనకే. ఆయనది పలకల వ్యాపారం. చెక్క ఫ్రేములు బిగించిన పలకలు లారీకెత్తించుకుని ఉత్తరాదికి పోయి అమ్ముకొచ్చేవాడు. అన్నిసార్లు అటు పోయొచ్చే మనిషికి హిందీ రాకుండా ఎట్ల ఉంటుంది? ఆ లెక్కన వీధి వీధంతా నమ్మేసింది. డబ్బారాయుడు నోరు తెరవగానే అందరి తలకాయలూ పెదనాయన వైపు తిరిగేవి.

"ఏమంటాండాడు సుబ్బన్నా?" అని ఎదురింటి రత్తమ్మవ్వ అడిగేది.

ఆయన పడక్కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, "ఏమంటాండాడంటే..." అని మొదలుపెట్టేవాడు. డబ్బారాయుడు రెండు ముక్కలంటే పెదనాయన తెలుగులో ఇరవై ముక్కలు చెప్పేవాడు. హిందీ చిన్న భాష, తెలుగు పెద్ద భాష కాబోలనుకునేవాళ్లం. ఒకసారి డబ్బారాయుడు వేరే గ్రహం మీద నిలబడి, "కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకోగూడదు, ముసలోళ్లకు ముందు వదలాల" అన్నాడు. ఆ వారమంతా మా వీధి కుళాయి దగ్గర కొట్లాట లేదు. ఇంకోసారి, "ఎండాకాలం పిల్లోళ్లు దిగుడుబావి కాడికి పోతే వాళ్ల వీపు నేను పగలగొడతా" అన్నాడు. అంతరిక్షంలో కుళాయి ఎక్కడుంది, దిగుడుబావి ఎవరు తవ్వినారు అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు!

నవ్వకండి. నా బతుకును నిలబెట్టింది ఆ డబ్బానే. ఏడో తరగతి పరీక్షలో నేను లెక్కలు తప్పినాను. మా నాయన, "చదివింది చాల్లే, వచ్చి దుకాణంలో గిన్నెలు తుడువు" అన్నాడు. ఆ ఆదివారం సీరియల్లో డబ్బారాయుడు గుండె దీపం ఆరిపోయి ఒక బండమీద కూలబడినాడు. పిల్లోడు పట్టుకుని కుదుపుతున్నాడు. అప్పుడేదో అన్నాడు. పెదనాయన అందరికీ వినపడేట్టు చెప్పినాడు: "ఏమంటాండాడంటే... సెల్లు అయిపోయినాయని టార్చిలైటు పారేస్తారా? సెల్లు మార్చి మళ్లా వేసుకుంటారు గానీ!" మా నాయన తల గోక్కున్నాడు. సోమవారం నన్ను మళ్లీ బడికి పంపినాడు. నేను డిగ్రీ దాకా చదివినానంటే ఆ మాట పుణ్యమే.

అప్పటినుంచి అదే నాకు వేదం. పెళ్లయినాక ఆ వేదం వాణి నెత్తిన పడింది. వాణి నా భార్య, కర్నూలు పిల్ల, హైస్కూల్లో హిందీ టీచరు. పప్పు మాడిందని బాధపడితే, "డబ్బారాయుడు ఏమన్నాడంటే" అని నేను మొదలుపెడతాను. బస్సు తప్పిపోయినా అంతే. "ఒక్కసారి ఆ మహానుభావుణ్ణి నాకు చూపించండి, దండం పెట్టుకుని వదిలేస్తాను" అనేది పాపం.

పోయిన వారం దుకాణంలో బేరాల్లేక ఫోన్ చూసుకుంటుంటే, దొరికినాడు! ఎవరో పుణ్యాత్ముడు పాత క్యాసెట్టు నుంచి ఒక భాగం ఎక్కించినాడు. బొమ్మ చూస్తే, ఆరిన దీపంతో బండమీద కూలబడ్డ డబ్బారాయుడు! నా టార్చిలైటు భాగమే! దుకాణంలో ఎగిరి గంతేస్తే పైన వేలాడే గరిటెలన్నీ నెత్తిన పడినాయి.

వెంటనే పెదనాయన ఇంటికి పరిగెత్తినాను. ఎనభై దాటినాయి ఆయనకు, ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. "పెదనాయనా! మన డబ్బారాయుడు దొరికినాడు! ఆదివారం మా ఇంట్లో పెద్ద టీవీలో వేస్తాను. అందరినీ పిలుస్తాను. నువ్వు ముందు వరుసలో కూర్చోవాల!"

ఆయన మొహం ఎందుకో వాడిపోయింది. "యాడిదిరా ఆ పాత గోల... కంటి డాక్టరు టీవీ చూడొద్దన్నాడు" అన్నాడు.

నేను ఊరుకుంటానా? అక్కడే కంటి ఆసుపత్రికి ఫోన్ చేసినాను. చూడొచ్చు, ఏం పర్లేదన్నారు. స్పీకర్లో పెట్టి వినిపించినాను కూడా.

"కన్ను సరే, చెవులు సరిగ్గా వినపడవు గదరా" అన్నాడు. సాయంత్రానికి పెళ్లిళ్లకు పెట్టే సౌండు బాక్సు ఒకటి అద్దెకు తెచ్చినాను.

"ఆదివారం కరెంటు తీస్తారంట" అన్నాడు. ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీ వేయించినాను.

చూసినారా, పెద్దాయన కోసం ఎంత చేసినానో! ఆయన నా వైపు అదోలా చూసి, "నువ్వు మంచోడివిరా సీనా" అని పెద్దగా నిట్టూర్చినాడు. నేను పొంగిపోయినాను.

శనివారం నేను దుకాణంలో ఉంటే వాణి ఇంట్లో ఆ వీడియో చూసినట్టుంది. సాయంత్రం నేనొచ్చేసరికి తలుపుకు తాళం. పెదనాయన ఇంటినుంచి వస్తూ కనపడింది.

"ఏంది, అక్కడికెందుకు పోయినావు?"

"మామకు ఉప్మా ఇచ్చొచ్చాను" అంది. చేతిలో గిన్నె లేదు. గిన్నెల వ్యాపారం చేసేవాణ్ణి, ఆ ముక్క నా బుర్రకు ఎక్కనేలేదు.

"రేపు మాత్రం మీరు ఊరికే కూర్చోండి. దేన్నీ ముట్టుకోవద్దు. అర్థం నేను చెప్తాను, మామకు గొంతు నొప్పి" అని మాత్రం గట్టిగా చెప్పింది.

ఆదివారం అందరూ వచ్చేసినారు. గిద్దలూరు నుంచి పొద్దున బస్సుకే మా అక్క దిగింది. డబ్బారాయుడి మాటలు చెప్పి చెప్పే అది తన ఇద్దరు పిల్లల్నీ పెంచింది. రత్తమ్మవ్వను ఇద్దరం పట్టుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టినాం. పెదనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష హాలుకు వచ్చిన పిల్లోడిలా వచ్చి కూర్చున్నాడు.

సీరియల్ మొదలైంది. అయ్యో, అప్పట్లో ఎంత గొప్పగా కనపడిందో! ఇప్పుడు చూస్తే ఆ గ్రహం అచ్చం మన పలకల గనుల పక్కన రాళ్ల దిబ్బ. డబ్బారాయుడి తల మీద బోర్లించింది ఇడ్లీపాత్ర మూత, నా కంటికి దొరక్కుండా పోతుందా? అయినా ఆ రేకుల చప్పుడు వినగానే నేను మళ్లీ ఏడో తరగతి పిల్లోణ్ణయిపోయినాను. అక్క అయితే కొంగుతో కళ్లొత్తుకుంది.

డబ్బారాయుడు ఏదో అన్నాడు. "ఏమంటాండాడే వాణీ?" అంది రత్తమ్మవ్వ.

వాణి ఒకసారి పెదనాయన వైపు చూసింది. "ఏమంటున్నాడంటే అవ్వా, దోవలో కనపడినోళ్లను పలకరించకుండా పోగూడదంట" అంది.

"చూసినారా!" అని అరిచినాను నేను. "అచ్చం అప్పుడు పెదనాయన చెప్పినట్టే! హిందీ టీచరు నోటంట గూడా అదే మాట! పెదనాయన హిందీ ఎంత కరెక్టో చూసినారా?"

పెదనాయన మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. మీసం సవరించుకున్నాడు. వాణి నా తొడ గిల్లింది. సంతోషంతో గిల్లిందనుకున్నాను.

ఇంతలో బండ సీను దగ్గరపడింది. అప్పుడు నాకొక ఐడియా వచ్చింది. ఆ టార్చిలైటు మాట తెరమీద తెలుగు అక్షరాల్లో పడితే? ఫోటో తీసి, ఫ్రేము కట్టించి, దుకాణంలో గల్లాపెట్టె పైన పెట్టుకోవచ్చు గదా! ఇప్పుడు ఏ భాషనైనా తెలుగులో రాసి చూపించే బటన్ ఒకటి ఉంటుంది. రిమోట్ చేతికి తీసుకున్నాను.

వాణి దగ్గింది. "మంచినీళ్లు తాగు" అన్నాను. కాలు తొక్కింది. కాలు పక్కకు జరుపుకున్నాను. "వద్దండీ" అని పళ్ల సందున అంది. "నీకు శ్రమ తగ్గుతుందిలే, ఎంతసేపని చెప్తావు" అన్నాను. పెదనాయన కూడా కుర్చీలో ముందుకు వంగి, "ఉండనీరా సీనా, అవ్వకు చదువు రాదు" అన్నాడు. "అక్క పైకి చదువుతుందిలే పెదనాయనా!" అని నొక్కేసినాను.

పిల్లోడు రోబోను కుదుపుతున్నాడు. కింద తెలుగు పడింది. అక్క కూడబలుక్కుని, సౌండు బాక్సుకు పోటీగా చదవడం మొదలుపెట్టింది.

"లే... పోదాం... అంటాండాడు పిల్లోడు. డబ్బారాయుడేమో... నేను లేవను. నాకు నూనె పోయలేదు. నిన్న గూడా పోయలేదు. కావాలంటే... నువ్వే నన్ను మోసుకొని పో."

అక్క ఆగిపోయింది. తెరమీద ఇంకో లైను పడింది, అదీ చదివింది: "పని చెప్తే... నాకు నిద్ర వస్తుంది."

టార్చిలైటు లేదు. సెల్లు లేవు. మా డబ్బారాయుడు ఒట్టి పని దొంగ!

నేను పెదనాయన వైపు తిరిగినాను. ఆయన తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. చెవులు ఎర్రబడినాయి. అప్పుడు వెలిగింది నా బుర్ర. కన్ను, చెవి, కరెంటు, గిన్నె లేని ఉప్మా, గిల్లుడు, తొక్కుడు, అన్నీ వరసగా వెలిగినాయి. వీధి మొత్తం గౌరవించిన మనిషిని నా ఇంటికి పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, సౌండు బాక్సు పెట్టి మరీ పరువు తీసినాను. భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఇంతలో తెరమీద ఇంకో లైను. అక్క చదివింది. "ఓ నా ప్రియమైన గాడిద చంద్రుడా, సాయంత్రం ఉడికింది." అందరం మొహాలు చూసుకున్నాం.

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. దానికి అంతా అర్థమైపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా, "ఈ మిషనుకు హిందీ రాదురా సీనా! నోటికొచ్చింది రాస్తాంది. ఆపు ముందు!" అని కసిరింది.

"నాకా రాతలెందుకే?" అంది రత్తమ్మవ్వ. "ఎప్పుడన్నా చదివి చూసినామా దాన్ని? సుబ్బన్నా, నువ్వు చెప్పు. ఏమంటాండాడు వాడు?"

పెదనాయన తలెత్తినాడు. వాణి నవ్వుతూ నా చేతిలోంచి రిమోట్ లాక్కుని అక్షరాలు తీసేసింది. ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నా వైపు ఒక చూపు చూసి మొదలుపెట్టినాడు.

"ఏమంటాండాడంటే... ఇంట్లో ఒకడు బుద్ధి లేనోడు ఉన్నా, వాణ్ణి బయటికి తరమగూడదంట. మనోడే గదా, ఓర్చుకోవాలంట!"

రత్తమ్మవ్వ బోసినోటితో పగలబడి నవ్వింది. తక్కిన సీరియలంతా పెదనాయనే చెప్పినాడు. గొంతు నొప్పి ఎటు పోయిందో!

అందరూ పోయినాక ఆయన్ను ఇంటికి దిగబెట్టడానికి నేనే పోయినాను. దోవలో మెల్లగా అడిగినాను. "పెదనాయనా, ఆ టార్చిలైటు మాట..."

"నాకు హిందీలో అంకెలు, బేరం మాటలు తప్ప ఇంకేమొస్తాయిరా?" అన్నాడు. "వాడు నోరు తెరిస్తే అందరూ నా మొహం చూసేవాళ్లు. రాదని చెప్పడానికి సిగ్గయింది. ఏదో ఒకటి చెప్పాల గదా. ఆ పొద్దు నువ్వు చాప చివర మూలకు కూచ్చోని ఏడుస్తాంటివి. మీ నాయనకు నేను చెప్తే వినడు, మొండోడు. డబ్బారాయుడు చెప్తే వింటాడేమోనని..."

ఆయన చెయ్యి పట్టుకుని నడిచినాను. ఇన్నేళ్లూ ఒక రేకుడబ్బాకు దండం పెట్టుకున్నాను, దండం పెట్టాల్సిన మనిషి పక్క సందులోనే ఉన్నాడు. గడప దగ్గర కాళ్లకు మొక్కబోతే, "లే లే, ఆపరేషన్ కంట్లో దుమ్ము పడుతుంది" అని తోసేసినాడు.

ఇంటికి రాగానే వాణి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ముసలాయన కన్ను అంటే ఆసుపత్రికి ఫోన్ చేస్తారు. చెవులంటే బాక్సు తెస్తారు. కరెంటంటే బ్యాటరీ వేయిస్తారు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, ఎందుకు చెప్తున్నారో మాత్రం ఎక్కదు. గిల్లితే తెలియదు, తొక్కితే తెలియదు. ఇంత మంచి రోబోను ఇంట్లో పెట్టుకుని ఫోన్లో వెతుకుతారేంటండీ?"

అంటూనే రిమోట్ తీసుకుపోయి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఇప్పుడు రత్తమ్మవ్వ ఇంకో భాగం వేయమని రోజూ కబురు పెడుతోంది. అది కూడా వెతికి పెట్టినాం. వచ్చే ఆదివారం పెదనాయనే అర్థం చెప్తాడంట, వాణి పక్కన కూర్చుని అవునవునంటుందంట. అక్క గిద్దలూరు నుంచి మళ్లీ వస్తుందంట. నన్ను మాత్రం ఆ పూట దుకాణంలోనే ఉండమన్నారు. అది మనుషులు చూసే సీరియలంట, రోబోలు చూసేది కాదంట!