గడ్డివాము గీత

త్రిపురారం బిక్షానిది ఒక్కటే మాట: తన నారుమడిని చంపింది పక్కనున్న మహేశ్వర్ పెట్రోల్ బంకే. వరసగా రెండు వానాకాలాలు నారు పసుపెక్కి చచ్చింది, మడిలో చెయ్యి పెడితే జిడ్డు. "నీ ట్యాంకు కారుతున్నది!" అని నలుగురిలో దులిపేశాడు. ఇద్దరూ కలిసి గొర్లు కాసిన దోస్తులు, ఆనాటి నుంచి మాటల్లేవు. రుజువైతే బంకు మూతపడుతుంది. అరవై రెండేళ్లలో అన్న మాట వెనక్కి తీసుకున్న మనిషి కాదు బిక్షం.

రుజువు కోసం మడి మట్టి పట్టుకుపోతే, మిర్యాలగూడ ల్యాబులో నీరజ అనే అమ్మాయి మొదటిసారి తిప్పి పంపింది. పెద్దమనిషి మట్టిని డీజిల్ డబ్బాలో తెచ్చాడు మరి! "కడిగినా డబ్బాల వాసన మిషన్ పట్టేస్తది తాతా," అని గాజు సీసాలిచ్చింది.

రెండోసారి బిక్షం దగ్గరుండి చూశాడు. మట్టిని ఏదో మందులో కలిపి, వడగట్టి, ఒక్క చుక్క మిషన్‌లోకి ఎక్కించింది. కాసేపటికి తెర మీద గీత నడిచింది.

"గిది బంకు డీజిల్ గీత," అని ముందు ఒక కాగితం చూపింది. గీతలో మొనలు దువ్వెన పళ్లలా వరసగా నిక్కి ఉన్నాయి. "ఇగ నీ మట్టిది సూడు."

పళ్లు లేవు. మెల్లగా ఉబ్బి దిగిపోయిన ఒక్కటే గుట్ట, అచ్చం గడ్డివాములా.

"డీజిల్ కాదు తాతా. ఇంజన్ ఆయిల్."

బిక్షానికి చప్పున గుర్తొచ్చింది. గొర్ల దొడ్డి! మడి గట్టు మీదే ఉండేది. గుంజలకు చెదలు పట్టకుండా పన్నెండేళ్లు మొదళ్లలో బండ్ల ఇంజన్ల నుంచి తీసిన కాలిన ఆయిల్ పోశాడు. దొడ్డి పీకి, గట్టు చదును చేసి మడిలో కలిపింది రెండేళ్ల కిందటే.

"పోసినోన్ని నేనే మరిసిన. మట్టి మరవలే బిడ్డా!" చారెడు మట్టిలో తన పన్నెండేళ్లు ఉన్నాయా! ఏం చెయ్యాలో తోచక మిషన్‌కు దండం పెట్టాడు.

బస్సు దిగి నేరుగా బంకుకే నడిచాడు. ట్రాక్టర్ల వాళ్లందరూ వినేలా గొంతెత్తాడు. "మహేశ్వర్ ట్యాంకు మంచిగనే ఉన్నది. తప్పు నాది. దొడ్డి గుంజలకు పోసిన ఆయిల్ అది. నా మాట వాపస్ తీసుకుంటున్న!"

మహేశ్వర్ బిక్షం చేతిలోని ల్యాబు కాగితం అందుకుని దాని మీది గడ్డివామును చూశాడు. వెనక లారీలకు ఆయిల్ మార్చే షెడ్డు వైపు తిరిగాడు.

"గా ఆయిల్ డబ్బా ఏటా నీ సైకిల్‌కు కట్టిచ్చింది నేనే కదరా," అన్నాడు.